నాలుగు సర్వోలు ఒకేసారి కదిపితే ఆర్డుయినో రీసెట్ అవడం

నీ రోబో చెయ్యిలోని నాలుగు సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు) ఒకేసారి కదలగానే ఆర్డుయినో (వాటిని నడిపే చిన్న కంట్రోల్ బోర్డు) రీసెట్ అవుతోందంటే కోడ్ తప్పు కాదు తమ్ముడూ, పవర్ చాలట్లేదు. నువ్వు వాడే ఎస్‌జీ90 రకం సర్వో ఒక్కటి కదల్లేక ఇరుక్కుంటేనే 600 మిల్లీ ఆంప్స్ పైన లాగుద్ది, నువ్వేమో నాలుగింటినీ ఆర్డుయినో ఊనో బోర్డు 5 వోల్ట్ పిన్నుకే తగిలించి యూఎస్‌బీ మీద నడుపుతున్నావు, చెయ్యి పైకి లేవగానే బోర్డు ఢమాల్.

1. సర్వోల ఎర్ర వైర్లన్నీ విడిగా 5 వోల్ట్ 3 ఆంప్స్ అడాప్టర్‌కి ఇవ్వు, విజయవాడ గవర్నర్‌పేట షాపుల్లో అడుగు. పాత ఫోన్ ఛార్జర్ కోసి పెట్టమాక.

2. అందరూ వదిలేసేది ఇదే. అడాప్టర్ మైనస్, సర్వోల బ్రౌన్ వైర్లు, ఊనో గ్రౌండ్ మూడూ కలవాలి. కలపకపోతే ఆరెంజ్ వైర్లో సిగ్నల్ వెళ్తున్నా సర్వోకి అర్థంకాదు, ఊరికే వణుకుద్ది. ప్లస్ మాత్రం ఊనోకి కలపమాక.

3. అడాప్టర్ వైర్ల దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ (కరెంట్ కాస్త నిల్వ ఉంచే భాగం) పెట్టు, ప్లస్ మైనస్ చూస్కుని.

రోబో చెయ్యి భుజం దగ్గర ఎంజీ90ఎస్ సర్వో వెయ్యి, సైజు దాదాపు అదే, పళ్లు మెటల్‌వి.