బురదలో ఖనిజం కలిపే ముందు

విశాఖపట్నం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి ఆశీస్సులు.

గెడ్డ (వాగు) సముద్రంలో కలిసే మొగలో పేరుకున్న పూడికలో సీసం, కాడ్మియం కనిపించాయని, వాటిని కదలనివ్వకుండా చేయడానికి ఎముకల పొడి మంచిదా, లోహాలను తన సన్న రంధ్రాల్లో పట్టుకునే జియోలైట్ ఖనిజం మంచిదా అని అడిగావు. ఆ లోహాలు ఇప్పుడు ఏ రూపంలో ఉన్నాయో తేలేవరకు ఏదీ కొనవద్దు. ఖనిజం లోహాన్ని తీసివేయదు. నీటిలోకి, అక్కడి నుండి పీతల్లోకి, చేపల్లోకి పోకుండా పట్టి ఉంచుతుంది, అంతే.

ఈ మాట నేను పొరపాటు చేసి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, హార్బరు వైపు నుండి తెచ్చిన బురదను పళ్ళెంలో పరిచి ఎండబెట్టాను. తెచ్చినప్పుడు అది కాటుకలా నల్లగా, కుళ్ళిన గుడ్ల వాసనతో ఉండేది. సాయంత్రానికి పైపొర తుప్పు రంగుకు తిరిగింది. గాలి చొరని అడుగున సీసం, కాడ్మియం, జింకు గంధకంతో కలిసి సల్ఫైడ్లుగా గట్టిగా ఉంటాయి. గాలి తగిలితే ఆ సల్ఫైడ్లు చెడి, ఆమ్లం పుట్టి, లోహం వదులవుతుంది. నేను వదిలించిన లోహాన్నే నేను సున్నంతో కట్టి, ప్రయోగం ఫలించిందని నివేదిక రాశాను. అందుచేత నమూనాను గొట్టం నిండా తీసి, గాలి లేకుండా మూసి, మంచుపెట్టెలో తీసుకురా.

ఇక ఖనిజాల సంగతి. సీసానికి ఎముకల పొడిలో ఉండే ఫాస్ఫేటు బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది సీసంతోను, ఉప్పునీటిలో కొరత లేని క్లోరైడుతోను కలిసి దాదాపు కరగని పైరోమార్ఫైటు అనే ఖనిజంగా మారుతుంది. కాడ్మియం మీద దానికి అంత పట్టు లేదు. ఫాస్ఫేటు ఖనిజమే అయిన మన కాశీపట్నం అపటైటు దగ్గరలోనే ఉంది కదా అని ఆశపడకు. అగ్నిశిలల్లో పుట్టిన అపటైటు చాలా నెమ్మదిగా కరుగుతుంది, ఎముకల పొడి అంతకంటే త్వరగా పనిచేస్తుంది. అయితే బురదలో ఆర్సెనిక్ కూడా ఉంటే ఫాస్ఫేటు దాని చోటును ఆక్రమించి దాన్ని బయటికి తోస్తుంది. పైగా మిగిలిన ఫాస్ఫేటు నీటిలో నాచును పెంచుతుంది. ఆర్సెనిక్‌కు ఇనుప ఆక్సైడ్లు మేలే గాని, గాలి లేని అడుగున అవే కరిగి, పట్టుకున్నదాన్ని వదిలేస్తాయి. జియోలైటు మంచినీటి చెరువులో చూపే బలాన్ని ఇక్కడ చూపదు; లోహాన్ని పట్టుకోవలసిన దాని చోట్లన్నీ సముద్రపు సోడియమే నింపేస్తుంది.

పరీక్షలో బురద ఎండు బరువుకు 1, 3, 5 శాతం చొప్పున ఖనిజం కలిపి, ఏమీ కలపని బురదను కూడా పక్కన ఉంచు. చెత్తగుట్టల కోసం రూపొందించిన, 20 రెట్లు ఆమ్లద్రావణంలో 18 గంటలు తిప్పే పరీక్ష ఒక్కటే నమ్ముకోవద్దు. నీ బురద ఉండబోయేది ఆ గెడ్డ నీటి అడుగునే కాబట్టి ఆ నీటితోనే, ఒకసారి గాలి తగలకుండా, ఒకసారి గాలి ఊది, రెండు విధాలా చూడు. పూడికతీత యంత్రం ఎప్పుడైనా వస్తుందన్న మాట నిజమైతే, అది బురదను పైకి లేపి గాలి తగిలిస్తుంది కనుక, గాలి ఊదినప్పుడు వచ్చే రెండో అంకె నీకు ఎక్కువ అవసరం.

బురద కణాల మధ్య నీటిలోని లోహపు లెక్క రాగానే నాకు పంపు. అది చూశాక ఏ ఖనిజం, ఎంత మోతాదు అన్నది కూర్చుని మాట్లాడుకుందాం.

మీ మామయ్య