పిల్లల మాటల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టిన మా అమ్మాయికి

అమ్మాయ్,

నీకు పీహెచ్‌డీ సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసిన దగ్గర్నించీ రాద్దామనుకుంటూనే ఉన్నా. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు తెలుగు పిల్లలకి భాష ఎట్టా వస్తుందో, కొంతమందికి ఎక్కడ ఆగిపోతుందో చూస్తానన్నావంట, నాకెంత సంతోషమేసిందో, ముప్పై ఏళ్ళుగా గుంటూరు కొత్తపేటలో స్పీచ్ థెరపీ చేస్తున్నా గానీ మన పిల్లల మాటల మీద పని ఇంకా చాలా మిగిలే ఉందమ్మా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. ఇంగ్లీషు టెస్టు తీసుకుని తెలుగులోకి మార్చి మొదలుపెట్టొద్దు. నేను అట్టాగే మొదలుపెట్టా. దాంట్లో షీ, ఇట్ తేడా పిల్లలకి తెలిసిందా అని చూసే బొమ్మలున్నాయి, మన భాషలో అమ్మా వచ్చింది, కుక్కా వచ్చింది, క్రియ ఒకటే, ఇంక ఆ బొమ్మతో ఏం తెలుస్తుంది చెప్పు? మన దగ్గర చూడాల్సినవి వేరే. మనం, మేము తేడా ఎప్పుడొస్తుంది, కి, ని, తో ఎక్కడ వదిలేస్తున్నారు, ఇల్లులు అనేవాడు ఇళ్ళు అని ఎప్పుడంటాడు. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు లేని పిట్ట బొమ్మ గీసి, దానికి లేని పేరు పెట్టి, రెండుంటే ఏమంటారని పిల్లల్ని అడిగింది కదా, నువ్వూ అడుగు, ఇది తుబ్బం, ఇప్పుడు రెండున్నాయి, అని. తుబ్బాలు అన్నాడంటే ఎక్కడా విని చెప్పింది కాదు, రూలు పట్టుకున్నాడన్నమాట.

మాట పొడుగు కొలిచేటప్పుడు ఇంకా జాగ్రత్త. "అన్న నన్ను రానివ్వట్లేదు" అంటాడు నాలుగేళ్ళ వాడు, పదాలు లెక్కేస్తే మూడే, కానీ ఆ చివరి మాటలో రావడం ఉంది, ఇవ్వడం ఉంది, ఇప్పుడు జరుగుతున్నదని ఉంది, లేదు అనేదీ ఉంది. పదాలు లెక్కేస్తే మన పిల్లలందరూ వెనకబడ్డట్టే కనపడతారు. మాటని ఎక్కడ ముక్కలుగా విరగ్గొడతావో ముందే రాసిపెట్టుకుని చివరిదాకా అదే పాటించు, మధ్యలో మార్చావంటే పాతవన్నీ మళ్ళీ చెయ్యాలి.

ఇంకోటి, ఇది చెప్పాలంటే ఇప్పటికీ బాధే. పొన్నూరు రోడ్డు వైపు నుంచి ఒక పాపని తీసుకొచ్చారు, ఇంట్లో ఉర్దూ, నేను తెలుగులోనే అడిగి భాష లేటని రిపోర్ట్ రాసిచ్చా. నెల తర్వాత వాళ్ళ నానమ్మ వచ్చి కూర్చుంటే ఆ పాప ఆవిడకి ఉర్దూలో కోతి కథ మొత్తం గడగడా చెప్పింది. ఆ నెలంతా ఆ తల్లి ఎంత ఏడ్చిందో నాకు తర్వాత తెలిసింది. రెండు భాషలు వినడం వల్ల లోపం రాదు, నిజంగా లోపం ఉంటే రెండిట్లోనూ కనపడుతుంది. అందుకే ఏ ఇంట్లో ఏ భాష, ఎవరు ఎంతసేపు మాట్లాడతారు, ఇది అడక్కుండా ఒక్క పిల్లాడి పేరు పక్కన కూడా ఏమీ రాయొద్దు. వినికిడి టెస్టు కూడా అంతే, అది ముందు.

వేరే జబ్బేమీ కారణంగా కనపడకుండానే భాష సరిగా రాని పిల్లల లోపానికి 2017లో డొరొతీ బిషప్ అనే సైకాలజిస్టు వాళ్ళ ప్యానెల్ డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అనే పేరు ఖాయం చేసింది, నువ్వూ అదే వాడు. కానీ అమెరికాలో అయోవా సర్వే 1997లో ఇట్టాంటి లోపం ఇంతమందికి ఉందని చెప్పిన 7.4 శాతం తెచ్చి మన గుంటూరు పిల్లలకి అంటించొద్దు, అది అక్కడి ఇంగ్లీషు పిల్లల లెక్క.

రికార్డింగులు ఇళ్ళల్లోనే చెయ్యి, ఫ్యాను, మిక్సీ ఆపించు, తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకో, ఫైల్ మీద పిల్లల పేరు ఉండకూడదు. అరగంట రికార్డింగు రాయడానికి ఒక పూటంతా పడుతుంది, అయినా డబ్బులిచ్చి వేరేవాళ్ళతో రాయించొద్దు, కనీసం మొదటి ఇరవై మందివి నువ్వే రాయి, నీ చెవికి తప్ప ఇంకెవరికీ దొరకనివి అందులో ఉంటాయి. పిల్లల మాటల రికార్డులు ఒకచోట దాచి అందరికీ ఇచ్చే చైల్డెస్ అని 1984లో మొదలైంది కదా, వాళ్ళ పద్ధతిలో రాసుకుంటే రేపు ఇంకొకళ్ళకీ పనికొస్తుంది. ఇళ్ళకి వెళ్ళినప్పుడు, నాలిక్కి వస రాశాం అనో, వాళ్ళ నాన్నక్కూడా ఐదేళ్ళకే మాటలొచ్చాయనో చెప్తారు, కొట్టిపారెయ్యొద్దు. నాన్న సంగతి చెప్తే రాసుకో, ఈ లోపం కుటుంబాల్లో నడుస్తుంది.

ఆదివారం విజయవాడ నుంచి పొద్దున ట్రైనెక్కి వచ్చెయ్, మొదటి మూడు రికార్డింగులూ పెన్‌డ్రైవ్‌లో వేసుకురా, కూర్చుని విందాం.

మీ పెద్దమ్మ