డాన్సర్లకి సొమాటిక్ క్లాసులు నిజంగా పనికొస్తాయా, డబ్బు దండగా?

పనికొస్తాయండీ, కానీ సొమాటిక్ అంటే మెల్లగా కదులుతూ ఒళ్ళు లోపల ఏం చేస్తోందో గమనించుకోవడం, స్టెప్పులు బాగుపడతాయని వెళ్తే మాత్రం తిట్టుకుంటూ వస్తారు.

నాది కూచిపూడి. పదేళ్ళప్పుడు విజయవాడలో మొదలెట్టా, ఇప్పుడు ముప్పై ఆరు, అందులో ఆరేళ్ళు కుడి మోకాలితో కాపరం. మెట్లు దిగుతుంటే లోపల ఎవరో మరమరాలు నములుతున్నట్టు సౌండు. ఎక్స్‌రేలో ఏం లేదు, డాన్స్ మానెయ్యండి అన్నారు. ఆ ముక్క చెప్పడానికి ఏడొందలు ఫీజు.

ఫ్రెండ్ పోరు పడలేక బెంగళూరులో నాలుగు రోజుల ఫెల్డెన్‌క్రైస్ అనే సొమాటిక్ పద్ధతి క్లాసుకి వెళ్ళా. ఈ ఫెల్డెన్‌క్రైస్ ఫిజిక్స్ చదివిన మనిషి, జూడోలో బ్లాక్ బెల్ట్, ఆయనకీ ఫుట్‌బాల్ ఆడి మోకాలే పోయింది, దాంతో కుస్తీ పడుతూనే ఈ పద్ధతి తయారుచేశాడు. అది విన్నాకే కాస్త నమ్మకం కుదిరింది, మోకాలు నొప్పి ఎరగనివాళ్ళు చెప్తే నేను వినను.

మొదటి రోజు మ్యూజిక్ లేదు, అద్దం లేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, నడుం కింద ఒక గడియారం ఉందనుకోమన్నారు. బొడ్డు వైపు పన్నెండు, తోక ఎముక వైపు ఆరు. బరువుని ఒక్కో గంట మీదకీ మెల్లగా జరపాలి, అంతే. నవ్వొచ్చింది, తరంగంలో పళ్ళెం మీద నిలబడి జతులు వేసేదాన్ని, ఇదో పనా అని. తీరా చూస్తే నా గడియారంలో నాలుగూ ఐదూ లేవు! మూడు నుంచి ఆరుకి ఒక్క దూకు. ఎన్నిసార్లు చేసినా అంతే. తర్వాత మోకాలు ఒక్కోటీ పక్కకి వాల్చమన్నారు, ఎడమది హాయిగా వాలింది, కుడిది సగంలోనే ఆగిపోయింది.

అప్పుడు వెలిగింది. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి మడిచి సగం కూర్చునే భంగిమలో, రెండు పాదాలూ సమానంగా బయటికి తిప్పి పెడతాను కదా, కుడి తుంటి అంత తిరగట్లేదు, మరి ఆ మిగతా తిప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోంది? మోకాల్ని మెలిపెట్టి తెస్తున్నా. ఇరవై ఏళ్ళుగా. మాస్టారు కర్రతో తాళం కొడుతూ "ఇంకా కూర్చో, ఇంకా కూర్చో" అనేవారు, కూర్చునేదాన్ని. ఎక్కడ పట్టేస్తోందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంటికొచ్చాక కుడి పాదం కాస్త లోపలికి పెట్టడం అలవాటు చేసుకున్నా, మూడు నెలలకి మరమరాలు ఆగాయి. మా ఆయనేమో ప్రాక్టీసు టైల్స్ మీంచి చెక్క ఫ్లోర్‌కి మార్చావు కాబట్టి తగ్గింది అంటాడు. కాదు, క్లాసు వల్లే. అయినా ఫ్లోర్ సంగతి ఎత్తాడు కాబట్టి చెప్తున్నా, కల్యాణమండపాల్లో గ్రానైట్ మీద పిల్లల చేత ప్రోగ్రాములు చేయించేవాళ్ళని ఏమనాలి? పైగా చీఫ్ గెస్టు వచ్చేదాకా గజ్జెలు కట్టుకుని రెండు గంటలు నిలబెడతారు, కండరాలన్నీ చల్లబడిపోతాయి, ఆయనొచ్చి దీపం వెలిగించగానే ఠకీమని అరమండిలో కూర్చోవాలి.

ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని కూడా మొదటి పది నిమిషాలు చాపల మీద పడుకోబెట్టి గడియారం తిప్పిస్తున్నా. పోయిన నెల ఒకావిడ తలుపు దగ్గర నిలబడి చూసి "ఫీజు కట్టేది నిద్రపుచ్చడానికా మేడమ్?" అంది. మీరూ పడుకోండి అని చాప చూపించా. ఆవిడకి ఎనిమిదీ తొమ్మిదీ లేవు.