పారిస్‌లోని సిర్క్ దివేర్‌కు అంత పేరెందుకు?

సర్కస్ అంటే మనకు మైదానంలో వేసే డేరాయే గుర్తొస్తుంది. సిర్క్ దివేర్ మాత్రం సర్కస్ కోసమే కట్టిన పక్కా భవనం. 1852 డిసెంబరు 11న ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ దీన్ని ప్రారంభించాడు, అందుకే మొదట దీని పేరు సిర్క్ నెపోలియన్. ఆయన పదవి పోయాక ఆ పేరూ పోయింది.

వాస్తుశిల్పి జాక్ హిట్టార్ఫ్ దీన్ని 20 భుజాలతో కట్టాడు. అసలు గొప్పతనం పైకప్పుది. మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు, ఎక్కడ కూర్చున్నా రింగు మొత్తం కనిపిస్తుంది. అప్పట్లో జనం ప్రధానంగా గుర్రపు విన్యాసాలకే వచ్చేవాళ్లు.

1859 నవంబరులో ఆ లెక్క మారింది. జూల్ లియోటార్ అనే కుర్రాడు ఒంటికి అతుక్కునే దుస్తుల్లో, ఒక ఊయల కర్ర వదిలి గాల్లోంచి ఇంకోదాన్ని అందుకున్నాడు. కింద వల లేదు, పరుపులే! ఇప్పుడు ప్రతి సర్కస్‌లో చూసే ఫ్లయింగ్ ట్రాపీజ్ ప్రజల ముందుకొచ్చింది అక్కడే. తర్వాత 1861 నుంచి ఇదే హాల్లో పాడ్‌లూ అనే ఆర్కెస్ట్రా నిర్దేశకుడు ఆదివారాలు చౌక టికెట్లకు బీతోవెన్ సంగీతం వినిపించాడు. గుర్రాలు తిరిగిన చోట సింఫనీ అంటే నాకైతే భలే ముచ్చటేస్తుంది.

1934 నుంచి ఇది బుగ్లియోన్ అనే సర్కస్ కుటుంబం చేతిలో ఉంది. పారిస్ వెళితే చలికాలంలో షో చూడొచ్చు.