చైల్డ్ లాక్ సంగతి తర్వాత, ముందు సీసాలు, మాత్రలు చూడండి

వైజాగ్ ఎంవీపీ కాలనీ ఫ్లాటులో ఏడాదిన్నర బాబు ఉన్నాడు, సింకు కింద అరకి ఏ చైల్డ్ లాక్ కొనాలి అని అడిగారు. లోపల స్క్రూలతో బిగించి అయస్కాంతంతో తెరిచే రకం కొనండి. బయట అతికించే పట్టీల జిగురు వైజాగ్ చెమ్మకి, వంటింటి జిడ్డుకి ఊడొచ్చేస్తుంది. లాక్ గురించి ఇంతే. కానీ అసలు భయపడాల్సినవి ఆ అరలో లేవండీ.

మొదటిది ఐరన్ మాత్రలు. బాలింత ఉన్న ఇంట్లో ఇవి తప్పకుండా ఉంటాయి. గర్భిణులకి ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్ర పైన చక్కెర పూత ఉంటుంది, నోట్లో పెట్టగానే తియ్యగా తగులుతుంది. పిల్లాడు ఉమ్మేయడు, ఇంకోటి తీసుకుంటాడు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్. పది కిలోల బాబు నాలుగు మింగితే కిలోకి 24 మిల్లీగ్రాములు, వాంతులూ విరేచనాలూ మొదలవడానికి అది చాలు. పది మింగితే కిలోకి 60, అంటే ప్రాణం మీదికొచ్చినట్టే. ఇందులో మోసమేమిటంటే, వాంతులయ్యాక ఆరు గంటల నుంచి ఒక రోజు దాకా పిల్లాడు తేరుకున్నట్టే ఉంటాడు. నిద్రపోతాడు, ఆడుకుంటాడు. అమ్మయ్య, తగ్గిపోయిందని ఇంటికి తెచ్చేస్తారు. ఆ తర్వాత బీపీ పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. అందుకే మాత్రలు తగ్గాయని అనుమానం వస్తే చాలు, వాంతుల కోసం ఎదురుచూడకుండా బయల్దేరండి. స్ట్రిప్పులో ఖాళీ గుంటలు లెక్కపెట్టి, ఆ స్ట్రిప్పునే డాక్టరు చేతిలో పెట్టండి.

రెండోది సీసా మార్చడం. వీధిలో అమ్మే ఫినాయిలు, బాత్రూం యాసిడ్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇస్తుంటారు. యాసిడ్ చిల్లర అమ్మకాలపై 2013లోనే సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది, అయినా గుమ్మంలోకి వస్తే కొనేస్తున్నాం. 2014 హుద్‌హుద్ లాంటి తుఫాను వస్తోందంటే పెట్రోలూ కిరోసినూ నీళ్ల బాటిళ్లలోకి చేరతాయి. ఏడాదిన్నర పిల్లాడు వాసన చూసి ఆగడు, ఆ సీసాలోంచి నీళ్లు తాగడం వాడికి అలవాటు. కిరోసిన్ తాగితే ఉప్పునీళ్లు పట్టించడం, గొంతులో వేలు పెట్టడం అస్సలు వద్దు. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. యాసిడ్ అయితే దిగేటప్పుడు కాల్చినట్టే పైకొచ్చేటప్పుడూ కాలుస్తుంది, కాబట్టి దానికీ వాంతి చేయించకూడదు. నోరు నీళ్లతో కడిగి తీసుకెళ్లండి.

ఇక దేవుడి గది. పీట మీద కర్పూరం డబ్బా పిల్లాడి చేతికి అందే ఎత్తులోనే ఉంటుంది, బిళ్ల చూస్తే పటికబెల్లంలా ఉంటుంది. గ్రాము కర్పూరంతో పిల్లలు చనిపోయిన సందర్భాలున్నాయి. కొన్ని నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. దేవుడికి లోటేమీ రాదు, మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి పై అరలో పెట్టండి. బీరువాలో నాఫ్తలీన్ ఉండలు తీసేయండి, జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకి వాటితో రక్తకణాలు పగిలిపోతాయి. రిమోట్‌లో నాణెంలాంటి బ్యాటరీ ఉంటే మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది.

ఏదైనా జరిగితే 108కి చేయండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం 1800 116 117 రాత్రీ పగలూ పలుకుతుంది. ఆ నంబరు ఫ్రిజ్ మీద అతికించండి. ఏం మింగాడు, ఎంత, ఎన్నింటికి, బరువెంత అన్న నాలుగూ చెప్పగలగాలి. వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లినా, మరో ఆసుపత్రికి వెళ్లినా సీసా వెంట ఉండాలి.

పండక్కి ఊరి నుంచి అమ్మమ్మా తాతగారూ వస్తే బీపీ, షుగర్ మాత్రలు చేతిసంచిలోనే ఉంటాయి, సంచి మంచం పక్కన నేల మీద ఉంటుంది. వాళ్లు చెప్పులు విప్పేలోపు ఆ సంచి అందుకుని పై కొక్కేనికి తగిలించండి.