వరికి కొట్టిన పురుగుమందు గుంటలో రొయ్యల ఎదుగుదలను ఆపుతుందా?

ఆపగలదు, రొయ్య చావకపోయినా సరే. రొయ్యా పీతా పెరగాలంటే పాత పెంకు విడిచి, కింద మెత్తగా ఉన్న కొత్త పెంకు గట్టిపడేలోపే ఒళ్లు ఉబ్బించుకోవాలి; ఆ పెంకులో ఉండేది కైటిన్, విడిపించేది ఎక్డైసోన్ హార్మోను, పురుగుల్లోనూ ఈ రెండే, ఎంతైనా దగ్గరి చుట్టాలు కదా. అందుకే పురుగులో వీటిని చెడగొట్టే మందు రొయ్యనూ దెబ్బతీయగలదు.

ఉదాహరణకు వరి రసం పీల్చే దోమకు, అంటే దోమపోటుకు, కొట్టే బుప్రోఫెజిన్ చేసే పనే కైటిన్ తయారీని అడ్డుకోవడం. నెల్లూరు పొలాల మురుగునీరు బకింగ్‌హామ్ కాలవలో కలిసి, అది మోటారుతో గుంటలోకి ఎక్కి, మందు తగినంత మోతాదులో ఉంటే పాత పెంకు సగం ఊడి రొయ్య అందులోనే ఇరుక్కుపోవచ్చు, బయటపడ్డా వేలితో నొక్కితే లొత్తపడేంత మెత్తగా ఉంటుంది. (ఖనిజాలు తక్కువైనా పెంకు ఇలాగే మెత్తబడుతుంది, వెంటనే పక్క పొలం రైతుతో గొడవకు దిగకండి.) టైగర్ రొయ్య, మండపీతల్లో ఆడది పెంకు విడిచి మెత్తగా ఉన్నప్పుడే జతకడుతుంది, కాబట్టి ఆ వరస చెడితే గుడ్లకూ దెబ్బే.

"రొయ్యలు చచ్చి తేలలేదుగా, నీళ్లు బాగున్నట్టే" అనుకోవడం మాత్రం తప్పు. చంపే మోతాదు వేరు, ఎదుగుదలను చెడగొట్టే మోతాదు వేరు, రెండోది చాలాసార్లు బాగా తక్కువ.