బాక్సులన్నీ ఒకే వరసలో వస్తే చాలా?

ప్రశ్న: మందు వేసిన కణాలు నాలుగు నమూనాలు, వేయనివి నాలుగు. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ లెక్కల్ని (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చెప్పేవి) సీపీఎం, డీఈసెక్2, క్వాంటైల్ పద్ధతుల్లో నార్మలైజ్ చేశాం, అంటే నమూనాల్ని పోల్చడానికి వీలుగా ఒకే కొలతకు తెచ్చాం. క్వాంటైల్‌లో బాక్స్‌ప్లాట్లన్నీ (ఒక్కో నమూనా విలువల పంపిణీని చూపే పెట్టె బొమ్మలు) ఒకే వరసలో వచ్చాయి, మారిన జన్యువులూ ఎక్కువ తేలాయి. అదే ఖాయం చేయొచ్చా?

జవాబు: ఆ రెండూ చూసి ఖాయం చేయకండి. అన్ని నమూనాల విలువల పంపిణీని బలవంతంగా ఒకటి చేయడమే క్వాంటైల్ పని. నమూనా పాడైనా బాక్సులు వరసలోనే ఉంటాయి. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు! ఇక తేలిన జన్యువుల సంఖ్య తప్పుల వల్ల కూడా పెరుగుతుంది.

సీపీఎంతో చిక్కు వేరు. అది ప్రతి నమూనా మొత్తాన్ని పది లక్షలకు సరిచేస్తుంది, అంతే. ఒక నమూనాలో ఐదు జన్యువులకు 200 చొప్పున రీడ్లు (యంత్రం చదివిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు) ఉన్నాయనుకోండి. రెండోదాంట్లో నాలుగింటికి 100 చొప్పున, ఐదోదానికి 600. రెంటిలోనూ మొత్తం 1000 కాబట్టి సీపీఎం దేన్నీ కదపదు. నాలుగు జన్యువులు సగానికి పడిపోయాయనీ, ఐదోది మూడింతలైందనీ చెబుతుంది. డీఈసెక్2 ముందు ఒక్కో జన్యువుకు గుణోత్తర సగటు (ఇక్కడ రెండు లెక్కల్ని గుణించి తీసిన వర్గమూలం) కడుతుంది: నాలుగింటికి 141.4, ఐదోదానికి 346.4. నమూనా లెక్కల్ని వాటితో భాగించి, నిష్పత్తుల మధ్యగతం తీస్తుంది: 1.414, 0.707. వీటితో భాగిస్తే నాలుగూ సమానం, ఐదోది ఆరింతలు. మిగతావాటి వాటాను అదొక్కటే మింగిందన్నమాట. డీఈసెక్2కు మాత్రం టీపీఎం విలువల్ని (జన్యువు పొడవును, మొత్తం రీడ్లను బట్టి ముందే సరిచేసినవి) గుండ్రం చేసి ఇవ్వకండి, ముడి లెక్కలే ఇవ్వాలి.

బేరీజు వేయడానికి నేను మొదట చేయమనేది ఇది: మందు వేయని నాలుగింటిని రెండేసిగా విడదీసి పోల్చండి. అక్కడ తేడా ఉండకూడదు కాబట్టి పీ-విలువల (నిజంగా తేడా లేకున్నా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం) హిస్టోగ్రామ్ దాదాపు చదునుగా రావాలి. సున్నా దగ్గర గుట్టలా లేస్తే ఏదో తేడా మిగిలిపోయిందని అర్థం. తర్వాత పీసీఏలో (పోలికున్న నమూనాల్ని దగ్గర దగ్గర చుక్కలుగా చూపే చిత్రం) చుక్కలకు సీక్వెన్సింగ్ చేసిన రోజును బట్టి రంగు వేయండి. మందు వేసినవన్నీ ఒక రోజు, వేయనివన్నీ మరో రోజు చేసి ఉంటే ఏ పద్ధతీ ఆదుకోదు.

ఇంకో మెలిక. ఎక్కువ జన్యువులు మారలేదన్న నమ్మకం మీదే డీఈసెక్2 లెక్క నిలబడింది. మీ మందు మొత్తం ట్రాన్స్‌క్రిప్షన్‌నే (జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీని) తగ్గించేదైతే ఈ మూడూ పనికిరావు. అప్పుడు కణాల్ని లెక్కపెట్టి, ఆ సంఖ్యకు తగ్గట్టు ఆర్‌ఎన్‌ఏ తీయకముందే బయటి స్పైక్-ఇన్ (మోతాదు తెలిసిన వేరే ఆర్‌ఎన్‌ఏ) కలపాలి.

ప్రశ్న: క్యూపీసీఆర్‌లో (ఎంచుకున్న కొన్ని జన్యువుల ఆర్‌ఎన్‌ఏను కొలిచే పద్ధతి) పోలికకు ఆధారంగా గ్యాప్‌డీహెచ్ జన్యువు ఒక్కటీ చాలదా?

జవాబు: చాలదు. అది గ్లూకోజ్‌ను విడగొట్టే గ్లైకాలసిస్ ఎంజైమ్, ఆక్సిజన్ తగ్గితే చాలా కణాల్లో తనే పెరుగుతుంది. ఆరేడు జన్యువుల్ని మీ నమూనాల్లోనే పరీక్షించి, జీనార్మ్‌లో (జన్యువుల స్థిరత్వాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్) ఎం విలువ (ఎక్కువైతే అంత అస్థిరం) 1.5 దాటినవాటిని తీసేయండి. ఒకే నియంత్రణ కింద ఉన్న రెంటిని మాత్రం పెట్టకండి, అవి కలిసి మారుతూ జీనార్మ్‌కు స్థిరంగా కనిపిస్తాయి.